గ్రంథపాలకుని విద్యయు ధర్మమును

పట్టపరీక్షలో గెలిచిన బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మన మధ్యతరగతి గృహములలో జరుగు చర్చ అందఱకును పరిచితమే. న్యాయశాస్త్రము మంచిదని యొకరు, ఉపాధ్యాయశిక్షణ చాలునని యొకరు, వ్యాపారవిద్య లాభకరమని యొకరు, విదేశములకేగుట యుత్తమమని వేఱొకరు చెప్పుదురు. అప్పు డా బిడ్డ "నేను గ్రంథాలయశాస్త్రము చదువుదును" అన్నచో సభ యొక్కసారి నిశ్శబ్దమగును. పిదప పెద్దలలో నొకరు నవ్వుచు, "పుస్తకము లిచ్చి పుచ్చుకొనుటకు పట్టమేల? ఏ బీరువాలో నేమున్నదో చెప్పుటకు రెండేండ్ల చదువా?" అని యడుగుదురు.

ఈ ప్రశ్నను మేము వట్టి పరిహాసముగా దీసికొనజాలము. ఇందు మూడు ప్రశ్నలు ఒకదానిలో నొకటి యిమిడియున్నవి. గ్రంథములను కాపాడి యితరుల కందించుట ప్రత్యేకముగా నభ్యసింపదగిన విద్యయా, కాదా? విద్యయే యైనచో, సేవాస్వభావముగల పనికి పట్టమును, జీతమును, పదవియు జోడించుట న్యాయమా? ఈ రెండును గడిచిన పిమ్మట, ఆ వృత్తికి గల ప్రత్యేకధర్మ మేది? మొదటిదానికి సమాధానము చరిత్రలో దొరకును. రెండవది వాదమునకు లోబడును. మూడవది కఠినము, సంస్కారాభిమానులమని చెప్పుకొను మనవంటివారికి మఱింత కఠినము.

మన దేశమున పుస్తకమునకు గౌరవము తక్కువయని యెవరును అనజాలరు. కాలు తగిలిన కన్నుల కద్దుకొందుము. శరన్నవరాత్రులలో పీటపై నుంచి పసుపుకుంకుమలతో పూజింతుము. కాని పూజలో నుంచిన పుస్తకమును ఆనాడు విప్పి చదువరాదను నాచారముకూడ కొన్ని యిండ్ల గలదు. పూజ్యమైనది తాకరానిదను భావము మనలో నంత లోతుగా నాటుకొన్నది. పుస్తకము, స్త్రీ, ధనము పరుల చేత బడినచో పోయినట్లే యని నీతికారులు హెచ్చరించిరి. ఆ నీతిలో రెండు దోషములున్నవి. స్త్రీని వస్తువుల వరుసలో గూర్చుండబెట్టుట మొదటిది; దానిని సంస్కర్తలు నూఱేండ్లకు పైగా ఖండించుచు వచ్చిరి. పుస్తకము పరహస్తమున బడుట నష్టమనుకొనుట రెండవది. దానిని ఆచరణముచే ఖండించినవారు గ్రంథపాలకులు. పరుల చేతికి బోవుటయే పుస్తకమునకు సార్థక్యమని వారి మతము. ఇంటనున్న పుస్తకము యజమాని సొత్తు; గ్రంథాలయమునందలి పుస్తకము ఇంకను రాని పాఠకుని సొత్తు.

పూజయే రక్షణమనుకొన్న జాతికి గలిగిన నష్టమును మన వాఙ్మయచరిత్రయే చెప్పుచున్నది. ఎన్నియో తాటాకు గ్రంథములు అటకలపై గుడ్డమూటలలో నుండి చెదలపాలైనవి. చార్లెసు ఫిలిప్పు బ్రౌను (1798–1884) పండితులకు జీతములిచ్చి, ఊరూర ప్రతులు సేకరించి, పాఠములు సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ పండితులు మనవారే. ఆ గ్రంథములు మనవే. వానిని వెదకి, పోల్చి, పేరు పెట్టి, వరుసలో నుంచవలెనను బుద్ధిమాత్రము ఒక పరదేశాధికారికి బుట్టెను. గ్రంథములయెడ భక్తి వేఱు, గ్రంథములనుగూర్చిన విద్య వేఱు అనుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ విద్య నిజముగా గలదా? దీనికి సమాధానముగా మేము ఒక గణితోపాధ్యాయుని జీవితమును చూపగలము. షియాలి రామామృత రంగనాథనుగారు (1892–1972) మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిరి. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయాధికారి పదవిని స్వీకరించిరి. విద్యార్థుల సందడికి అలవాటుపడిన యాయనకు ఆ నిర్జనమైన గది కారాగృహమువలె దోచెను. తిరిగి తరగతికి బోయెదనని పట్టుబట్టిరి. ముందు లండనుకు బోయి యీ శాస్త్రమును చదివి రమ్మనియు, అటుపిమ్మటను రుచింపనిచో బోధనకు మరలవచ్చు ననియు పెద్దలు నచ్చజెప్పిరి. ఆయన వెళ్లెను. అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో గ్రంథాలయ విద్యాలయము 1919లోనే వెలసియుండెను. పాఠములకంటె నెక్కువగా ఆయనను మార్చినవి బ్రిటనునందలి గ్రంథాలయములు. నూటికి దగ్గఱగా గ్రంథాలయములను తిరిగి చూచి, పిల్లలు, కార్మికులు, గృహిణులు తమంతట తాము అరలయొద్దకు బోయి పుస్తకములు తీసికొనుట కనుగొనిరి. 1925లో తిరిగివచ్చిన పిమ్మట ఆయన బోధనవైపు మరల చూడలేదు.

ఇందు గమనింపవలసినది యొకటి గలదు. ఆయన మేధ లండనులో పెరిగినది కాదు. గణితజ్ఞుడుగా ముందే సూక్ష్మబుద్ధి. ఆ చదువు ఆయనకు కలిగించినది చూపు. అంతకుముందు గోడలవెంబడి నిలిచిన కాగితపుదిండ్లు కనబడినచోట, తరువాత ఒక్కొక్క పుస్తకమునకును ఒక్కొక్క మనుష్యుడు ఎదురుచూచుచున్నట్లు కనబడజొచ్చెను. 1931లో ప్రకటించిన పంచసూత్రముల గ్రంథమునకు సారమంతయు నిదియే. గ్రంథములు దాచుటకు గాక వాడుకకొఱకు. ప్రతి పాఠకునికి తగిన గ్రంథమును, ప్రతి గ్రంథమునకు తగిన పాఠకుని గూర్పవలెను. పాఠకుని కాలము వ్యర్థము కారాదు. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిది. వినుటకు ఇవి పసిపిల్లల మాటలవలె నుండును. ఒక్కొక్కదానిని ఆచరణమున బెట్టబోయినప్పుడే వాని లోతు దెలియును.

ఒక చిన్న యుదాహరణము చూడుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి గ్రంథమును పట్టికలో నే పేరుక్రింద వ్రాయవలెను? పాశ్చాత్యుల యాచారమున వంశనామము చివర వచ్చును గావున, వారి నియమమును గ్రుడ్డిగా నమ్మిన గుమాస్తా "పంతులు" అనుచోట వ్రాయును. మన వాడుక నెఱిగినవాడు "కందుకూరి" అనుచోట వ్రాయును. వేఱొకడు "వీరేశలింగము" అనుచోట వ్రాయును. మూడు చీటీలు మూడు పెట్టెలలో బడినచో, గ్రంథములన్నియు బీరువాలో నున్నను పాఠకునికి మూడవవంతు మాత్రమే కనబడును. తక్కినవి లేవని చెప్పి పంపివేయుదురు. ఉన్న పుస్తకము లేదనిపించుకొనుటకంటె పుస్తకమునకు వేఱు మరణ మేమి? రంగనాథనుగారు 1934లో ప్రకటించిన సూచీకరణ నియమావళియందు భారతీయనామములనుగూర్చి ప్రత్యేకముగా విచారించుటకు కారణ మిట్టి చిక్కే.

వర్గీకరణము మాట యింకను చిత్రమైనది. అమెరికాలో మెల్విలు డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి నేడు ప్రపంచమున పెక్కు గ్రంథాలయముల నడిపించుచున్నది. అందు భాషలకు 400 మొదలు స్థానమీయబడినది. ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి మొదలగు యూరపు భాషలకు తలకొక పూర్ణదశకము లభించెను. ప్రపంచమునందలి తక్కిన భాషలన్నియు 490 అను నొక్క కొట్టులో గుమిగూడవలసివచ్చెను. మన తెలుగు 494.827 అను మూలకు జేరినది. మతములలో క్రైస్తవమునకు 200లలో నధికభాగమును, తక్కిన మతములన్నిటికి 290 అను నొక్క దశకమును దక్కినవి. ఇది దుర్బుద్ధితో జేసినదని మేమనము; తన గ్రామమునుండి చూచినవానికి తన వీధి వెడల్పుగా గనబడుట సహజము. కాని పుస్తకమును ఏ యరలో నుంచవలెనను నిర్ణయమునందు ఒక లోకదృష్టి దాగియుండునని దీనివలన దేటపడుచున్నది. రంగనాథనుగారు 1933లో వెలయించిన ద్విబిందు వర్గీకరణము ఈ యిఱుకును దాటుటకు చేసిన గొప్ప ప్రయత్నము. ఏ విషయమునైనను వ్యక్తిత్వము, పదార్థము, శక్తి, దేశము, కాలము అను నైదు మొగములనుండి చూడవలెనని ఆయన తరువాత స్థిరపఱచిరి. ద్రవ్యగుణకర్మాదులుగా లోకమును విభజించి చూచిన వైశేషికులను చదివినవారి కిది పరాయిమాటవలె దోపదు. ఇంతటి విచారముగల పనిని ఇచ్చిపుచ్చుకొనుట యని తోసివేయుట తగునా?

పట్టికలు, సంఖ్యలు ఈ విద్యలో సగమే. తక్కిన సగము మనుష్యుని ప్రశ్నను వినుట. ఒక రైతు వచ్చి వ్యవసాయపు పుస్తకము గావలెననును. శిక్షణ లేనివాడు ఆ బీరువా చూపి ఊరకుండును. శిక్షణ పొందినవాడు మెల్లగా నాలుగు మాటలాడి, అతనికి గావలసినది మిరపతోటకు దగిలిన తెగులునుగూర్చిన పుటలో, కౌలుహక్కునుగూర్చిన చట్టమో తెలిసికొనును. జనులు తమ యవసరమును మొదటి మాటలో చెప్పరు. సిగ్గుచేతనో, ఏ పేరుతో నడుగవలెనో దెలియకనో, పెద్దమాటలోపల చిన్నమాటను దాచుకొందురు. ఆ లోపలిమాటను, అడిగినవాడు చిన్నబోకుండ, వెలికి దీయుట ఒక కళ. అది అభ్యాసమువలన గాని రాదు.

ఇక రెండవ ప్రశ్న. ఇచ్చట ప్రతివాదుల మాట మిక్కిలి బలవంతమైనది. దానిని దాచక చెప్పుట న్యాయము. తెలుగునాట గ్రంథాలయములు పట్టములవలన బుట్టలేదు. 1901 సెప్టెంబరులో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు పెద్దలకు గ్రంథాలయశాస్త్రమున పరీక్షలు లేవు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు దానికి జీవముపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి (1890–1979) ఆ పట్టము లేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములుంచి పెదవడ్లపూడి మొదలు కొల్లూరు దాక నడిపినప్పుడు, రేవున దిగి పుస్తకము లందించిన చేతులకు ఏ విశ్వవిద్యాలయమును యోగ్యతాపత్ర మీయలేదు. వారికి జీతము లేదు. దేశసేవ యను తృప్తియే కలదు. అట్టి పనికి నేడు పట్టమును ద్వారమున నిలిపి, అది లేనివారిని వెలుపల నుంచుట క్రొత్తజాతి నొకదానిని సృష్టించుట గాదా? జందెములను త్రెంచుమన్న సంస్కర్తలు కాగితపు జందెమును వేయుదురా?

ఈ యాక్షేపణలో సత్యము గలదు. పట్టమున్నంతమాత్రమున గ్రంథపాలకుడు గాడు. ముప్పదియేండ్లు ఒక గ్రంథాలయమున పనిచేసి, కన్నులు మూసికొని ఏ గ్రంథమైనను తీయగల పరిచారకులను మే మెఱుగుదుము. వారిముందు క్రొత్తగా పట్టము పుచ్చుకొన్న యువకుడు తల వంచి నేర్చుకొనవలసినదే గాని తలయెగురవేయరాదు. కాని యా పరిచారకుడు సెలవులో నున్ననాడు ఆ గ్రంథాలయ మేమగును? అతడు కాలముచేసిన పిమ్మట అతని తలలోని పట్టిక యెక్కడ దొరకును? ప్రేమ తలుపు తెఱచును. కాని తెఱచిన తలుపును తరతరములకు తెఱచియుంచుటకు క్రమము గావలెను. వ్యవస్థాపకుల యుత్సాహమున్నంతకాలము వెలిగి, వారి వెనుక వారసు లేక, జాబితాలు లేక, దాతలిచ్చిన పుస్తకములు మూటలలోనే మిగిలిన గ్రామగ్రంథాలయములు మన జిల్లాలలో నెన్ని లేవు? అవి ప్రేమ చాలక చెడలేదు. విద్య చాలక చెడినవి.

ఈ సంగతిని ఉద్యమమే ముందుగా గ్రహించినది. మద్రాసు గ్రంథాలయ సంఘము 1929లో వేసవి శిక్షణ ప్రారంభించెను. తరువాత విశ్వవిద్యాలయము దానిని స్వీకరించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున, కవియు గ్రంథాలయాధికారియు నైన అబ్బూరి రామకృష్ణారావుగారి కాలమున, 1935లో ఈ విద్యకు బోధన యేర్పడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1959లో దీనికై శాఖను నెలకొల్పెను. నేడు పట్టభద్రుడైన వాడు ఒక యేడు చదివి గ్రంథాలయ శాస్త్రమున బి.ఎల్.ఐ.ఎస్సీ. పట్టమును, మఱియొక యేడు చదివి ఎం.ఎల్.ఐ.ఎస్సీ. పట్టమును పొందవచ్చును. పనిచేయుచు దూరవిద్యచే చదువుటకును, ఇంటినుండి కదలలేని గృహిణులు చదువుటకును మార్గమున్నది. ద్వారము వెడల్పుగా నున్నంతకాలము దానిని జందెమనుట చెల్లదు. మేము పట్టమును సమర్థించుటకు ముఖ్యకారణము వేఱొకటి. ఎదుట నున్న మిత్రునికి పుస్తకమిచ్చుటకు స్నేహము చాలును. ఎన్నడు వచ్చునో, ఏ భాష మాట్లాడునో, ఏ కులమువాడో, మనకు నచ్చునో నచ్చడో తెలియని పాఠకునికై నేడే పుస్తకమును సిద్ధము చేసి యుంచుటకు శిక్షణ గావలెను. శిక్షణ యనగా కనబడని మనుష్యునియెడ మనము చూపు మర్యాద.

జీతమునుగూర్చి యొకమాట. సేవ యను పేరు చెప్పి సేవకుని పస్తుపెట్టుట మన సమాజమునకు పాతయలవాటు. ఉపాధ్యాయులమైన మాకు దాని రుచి తెలియును. గ్రంథాలయములకై మనము పన్నుకూడ చెల్లించుచున్నాము. 1948 నాటి మద్రాసు చట్టము, 1955 నాటి హైదరాబాదు చట్టము, వానినుండి రూపొందిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయముల చట్టము దీనికి మూలములు. ఇంటిపన్నుతో గూడ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సుగా వసూలగుట ఎంతమంది గృహస్థులకు దెలియును? పన్ను చెల్లించియు, తమ పేట గ్రంథాలయము ఎప్పుడు తెఱచునో, అచ్చట శిక్షణ పొందిన గ్రంథపాలకుడు గలడో లేడో విచారింపని జాతికి, ఖాళీపదవులనుగూర్చి ఫిర్యాదు చేయు హక్కు తక్కువ. ఈ విద్యను జదువగోరు యువజనులకు మేము తీపిమాటలు చెప్పము. పదవులు కొన్నియే, కళాశాలలలో బోధకులతో సమానమైన స్థానము గావలెనన్న జాతీయార్హత పరీక్షయో, రాష్ట్రార్హత పరీక్షయో గెలువవలెను, పెక్కుచోట్ల తాత్కాలికోద్యోగములే దిక్కు. ఇది తెలిసి చదువుట వేఱు, తెలియక చదువుట వేఱు. ఐనను జీతముకొఱకు చేసిన సేవ సేవ గాదనుట తప్పు. రంగనాథనుగారు జీతము పుచ్చుకొన్నవారే. ఆయనయే 1956లో తాను కూడబెట్టిన లక్షరూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్ర పీఠమునకై యిచ్చివేసిరి.

మూడవ ప్రశ్న మిగిలినది. గ్రంథపాలకుని ప్రత్యేకధర్మ మేది? ఉపాధ్యాయులము గావున పోలికచే చెప్పుట మాకు సులభము. బడిలో పాఠమును నిర్ణయించువారము మేము. పిల్లవాని కేది మంచిదో మేము తలచి, అది చెప్పుదుము; తప్పినచో దిద్దుదుము; ఇష్టము లేకున్నను వినుమందుము. గ్రంథపాలకుడును విద్యాదాతయే, కాని యతడు ఉపాధ్యాయుని యధికారమును వదలుకొన్న విద్యాదాత. ప్రశ్న అడుగు హక్కు పాఠకునిది; అడిగినదానిని ఇచ్చుట అతని వంతు. ఎందుకని ప్రశ్నింపరాదు, ముఖము చిట్లింపరాదు, వీథిలో నితరులకు జెప్పరాదు. తెలిసియు తీర్పు చెప్పకుండుట, శక్తియుండియు శాసింపకుండుట: ఈ నిగ్రహమే యతని ధర్మమునకు మూలము.

ఇది సంస్కారాభిమానులకు రుచింపని మాట. మన సమాజము గ్రంథాలయము పెట్టినచో, అందు మంచి పుస్తకములే యుండవలెనని మన కోరిక. ఒక యువకుడు వచ్చి ముహూర్తగ్రంథము నడిగిన, దానికి బదులుగా మూఢవిశ్వాసఖండనమును చేత బెట్టవలెనని చేతులు తహతహలాడును. ఒక విధవ వ్రతకథల పుస్తకము నడిగిన మనకు జాలి కలుగును. కాని ఆలోచింపుడు. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని వెలువరించినప్పుడును, 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినప్పుడును, ఊరిపెద్దలలో ననేకుల దృష్టిలో చెడ్డపుస్తకము లనగా పంతులుగారివే. పెద్దల మనసెఱిగి అరలను నింపు గ్రంథపాలకుడు ఆనాడుండినచో ఆయన రచనలు తలుపు దాటి లోనికి రాకపోయెడివి. నేడు మనము పెద్దలమైతిమి. మన ప్రతిపక్షులు మనకు చేసినచో నన్యాయ మనిపించినది, మనము వారికి చేసినప్పుడు హితమెట్లగును? తన మతముపై నిజమైన నమ్మకముగలవాడు ఎదుటిమతము ప్రక్కయరలో నుండుటకు జంకడు.

అట్లయిన గ్రంథపాలకుడు వివేకమును వదలుకొనవలెనా యని యడుగుదురు. వదలుకొనరాదు. ధనము పరిమితము, అందుచే ఏవి కొనవలెనో ఎంచవలసినదే. కాలము చెల్లిన వైద్యగ్రంథమును తీసివేయవలసినదే. పిల్లలగదికి పిల్లల పుస్తకములే తగును. ఒక వాదమున్నచోట దాని ప్రతివాదమును గూడ నుంచవలెను. సలహా యడిగినవానికి నిష్కపటముగా సలహా చెప్పవలెను. కాని యెంచుట వేఱు, అడ్డుట వేఱు. ఎంచువాడు పాఠకునికి మేలైన దేదియని యాలోచించును. అడ్డువాడు పాఠకుని మనసు తన యధీనమున నుండవలెనని కోరును. ఈ రెంటిమధ్య గల సన్నని గీతను గుర్తించుటయే ఈ విద్యలో కడపటి పాఠము. దానికి పరీక్ష విశ్వవిద్యాలయమున జరుగదు, జీవితమున జరుగును.

ఆ పరీక్ష యెట్లుండునో అమెరికాలో ఒక స్త్రీ చరిత్ర చెప్పుచున్నది. ఓక్లహోమా రాష్ట్రమున బార్టిల్సువిల్లు పట్టణమునందు రూతు బ్రౌను 1919 మొదలు గ్రంథపాలకురాలు. తెల్లవారిలో బుట్టియు, నల్లజాతివారికి సమానహక్కు లుండవలెనని కోరి, పిల్లల కథాకాలక్షేపమునందు రెండు జాతుల పిల్లలను గలుపబూనెను; ఇద్దఱు నల్లజాతి ఉపాధ్యాయినులతో గలిసి ఫలహారశాలకు బోయి వడ్డింపు మని యడిగెను. ఊరిపెద్దలు ఆ కారణమును పైకి చెప్పక, గ్రంథాలయమున రాజద్రోహకరమైన పత్రికలున్నవని నెపముపెట్టి, ముప్పదియేండ్లు దాటిన యామె కొలువును 1950లో తీసివేసిరి. పదునొకండ్లయిన పిమ్మట, 1961 మార్చిలో, మిసిసిపీ రాష్ట్రపు జాక్సను నగరమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారి గ్రంథాలయమునకు బోయి పుస్తకములు చదువుచు గూర్చుండినందుకు చెఱబట్టబడిరి. పుస్తకము నిరపాయమైన వస్తువనుకొనువారు ఈ రెండు సంగతులను తలపోయవలెను. ఎవరు చదువవలెను, ఏమి చదువవలెనను నధికారము కొఱకే యీ పోరాటములు. అంటరానితనమును ఎఱిగిన మన దేశమునకు ఇది దూరపు కథ గాదు.

డ్యూయీ జీవితమునందును ఒక పాఠమున్నది. ఆయన 1887లో కొలంబియా కళాశాలయందు లోకమున తొలి గ్రంథాలయ విద్యాలయమును దెఱచినప్పుడు, పాలకుల యిష్టమునకు వ్యతిరేకముగా స్త్రీలను జేర్చుకొనెను. మొదటి తరగతి యిరువదిమందిలో పదునేడుగురు స్త్రీలే. వేలకొలది స్త్రీలకు గౌరవప్రదమైన వృత్తిమార్గము దానివలన దెఱచుకొన్నది. అట్టి మనుష్యుడే తాను స్థాపించిన విహారసంఘమున యూదులకు ప్రవేశము లేకుండ జేసెను. స్త్రీలయెడ అనుచితముగా వర్తించెనను నిందకును పాల్పడెను. 2019లో అమెరికా గ్రంథాలయ సంఘము తన పతకమునుండి ఆయన పేరును తొలగించినది. లోకమునందలి జ్ఞానమంతటికి చోటు గల్పించిన బుద్ధి పొరుగువానికి చోటీయలేకపోయెను. విద్య యుండియు ధర్మము లేనిచో నిట్లగును. అందుచేతనే మే మీ రెంటిని విడదీసి చెప్పుచున్నాము.

యంత్రములే సమాధానములు చెప్పు కాలమున ఈ వృత్తికి భవిష్యత్తు గలదా యని కొందఱు శంకింతురు. చేతిలోని ఫోనులో లోకమంతయు నిమిడియున్నదని పిల్లలే చెప్పుచున్నారు. నిజమే, సమాచారమునకు కఱవు లేదు. కాని ఏది విశ్వసింపదగినది, ఎవరు చెప్పినది, ఏ లాభమునకై ముందుకు ద్రోయబడినది యను ప్రశ్నలు మునుపటికంటె పెరిగినవి. వెదకినవాని జాడలన్నియు వ్రాసికొని యమ్ముకొను వర్తకము కూడ పెరిగినది. 2005లో అమెరికాలో కనెక్టికటు రాష్ట్రపు గ్రంథపాలకులు నలువురు, వాడుకరుల వివరములను రహస్యముగా నిమ్మని ప్రభుత్వపు పోలీసుశాఖ పంపిన యుత్తరువును న్యాయస్థానమున నెదిర్చి నిలిచిరి. పాఠకుని రహస్యమును తన రహస్యముగా కాపాడు యంత్రము నింకను మేము చూడలేదు.

గృహస్థులకు మేము మనవి చేయునది యిది. మీ కుమారుడో కుమార్తెయో ఈ మార్గమును గోరినచో నవ్వకుడు. కాని వెంటనే సమ్మతింపనుకూడ వలదు. "నీకు పుస్తకములన్న నిష్టమా?" యని యడుగుట వ్యర్థము, పుస్తకములపై నిష్టముగలవాడు మంచి పాఠకుడగును, అంతియే. అడుగవలసిన ప్రశ్న వేఱు. "నీవు ద్వేషించు మతమును నమ్మినవాడు, నీకు గిట్టని భాషలో మాట్లాడువాడు, మాసిన బట్టలతో నీ బల్లయొద్దకు వచ్చి, నీకు రుచింపని గ్రంథము నడిగినప్పుడు, దానిని వెదకి, దుమ్ము దులిపి, రెండు చేతులతో నందించి, అతడు సంతోషముతో వెళ్లుట చూచి నీవును సంతోషింపగలవా?" అని యడుగుడు. ఔనని నిజముగా చెప్పగల బిడ్డను ఆ చదువునకు పంపుడు. తక్కినదంతయు విశ్వవిద్యాలయము నేర్పగలదు. ఇది యొక్కటి మాత్రము ఇంటనుండి తీసికొనిపోవలసినది.